శనివారం డెలివరీ

ఆ వీధిలో లాండ్రీ కొట్టు నడిపే మనిషిని అందరూ మడతాయన అంటారు. ఆ పేరు పెట్టింది ఎదురుగా ఉన్న మందుల షాపు ఆవిడ. చొక్కాని బల్ల మీద బోర్లా పరిచి, రెండు చేతులూ ఒకసారి లోపలికీ, ఒకసారి పైకీ తిప్పాడంటే చాలు, కాలరు నిటారుగా లేచి, గుండీలు వరసలో నిలబడి, చొక్కా అప్పుడే అట్ట వేసిన పుస్తకంలా తయారవుతుంది. ఆ మడత విప్పడానికి మనసొప్పక, ఇంట్లో తిడుతున్నా పాత చొక్కాలతోనే తిరిగే మగవాళ్ళు ఆ వీధిలో ఉన్నారు. అంత పనిమంతుడు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఇకమీదట చెప్పబోయే దాంట్లో అతన్ని మెచ్చుకోవడానికి పెద్దగా చోటుండదు.

పందొమ్మిదో ఏట ఈ పనిలోకి వచ్చాడు. ఊరికి అవతలి వైపు ఒకావిడ లాండ్రీ నడిపేది. భర్త పోయాక కొట్టునీ కూతురునీ ఒంటిచేత్తో నెగ్గుకొచ్చిన మనిషి. మాట కరకు, చూపు అంతకన్నా కరకు అని పనివాళ్ళు చెవులు కొరుక్కునేవారు. గంజి ఎంత పలచగా ఉండాలో, ఉన్ని బట్టకి ఎంత వేడి పట్టాలో, మరకని చూసి అది టీయా సిరాయా నెత్తురా చెప్పడమెలాగో అన్నీ ఆవిడ దగ్గరే నేర్చుకున్నాడు. ఆరేళ్ళ తర్వాత ఆవిడ కూతురినే పెళ్ళి చేసుకున్నాడు. వేరే కొట్టు పెట్టుకుంటానన్న రోజు అత్తగారు తన ఇస్త్రీపెట్టె ఒకటి చేతిలో పెట్టి, ఒక్క మాట చెప్పింది.

"ఇక్కడికొచ్చే గుడ్డ మనది కాదు అల్లుడూ. ఉతుకు, ఆరెయ్యి, మడతపెట్టు, ఇచ్చెయ్యి. అంతకుమించి దాని మీద చెయ్యేశావో, అది దొంగతనమే. ఇంకో పేరు లేదు దానికి."

పదకొండేళ్ళు ఆ మాట జవదాటలేదు. పన్నెండో ఏట ఒకరోజు పొద్దున్నే ఒక కుర్రవాడు కొట్టు ముందు నిలబడి ఏడుపు ఆపుకుంటున్నాడు. గంటలో ఉద్యోగం ఇంటర్వ్యూ. ఉన్న ఒక్క మంచి చొక్కా బస్సు తలుపుకి తగులుకుని భుజం నుంచి మోచేతి దాకా చిరిగింది. కుట్టడం కుదురుతుందా అని అడిగాడు. మడతాయన చిరుగు చూశాడు, కుర్రవాడి మొహం చూశాడు, ఆనక హ్యాంగర్ల వైపు చూశాడు. అక్కడ ఒక బ్యాంకు ఆఫీసరు తెల్లచొక్కా వేలాడుతోంది. ఆఫీసరు ఊళ్ళో లేడు, వారం దాకా రాడు. "సాయంత్రానికల్లా తెచ్చి ఇచ్చెయ్యి" అన్నాడు. కుర్రవాడు తెచ్చి ఇచ్చాడు, ఉద్యోగం వచ్చిందన్న కబురుతో సహా.

ఆ సాయంత్రం మడతాయన ఎంత గర్వపడ్డాడో చెప్పలేం. కానీ గర్వంతో ఆగితే ఇంత కథ ఉండేది కాదు. మొదటివాడికి జాలిపడి ఇచ్చాడు. ఆ కుర్రవాడు పంపిన రెండోవాడికి మొహమాటపడి ఇచ్చాడు. మూడోవాడి దగ్గర అద్దె అడిగాడు.

తప్పుడు పని చేసే మనిషికి నియమాలు మాత్రం గట్టిగా ఉంటాయి. అతని నియమాలూ అలాంటివే. ఆడవాళ్ళ బట్టలు ఇవ్వకూడదు. ఒక్కరోజుకి మించి ఇవ్వకూడదు. బట్ట తీసుకున్నవాడు తన ఒంటి మీది చొక్కా విప్పి తాకట్టుగా కొట్లో వదిలి వెళ్ళాలి. తిరిగొచ్చిన బట్టని మళ్ళీ ఉతికి, మళ్ళీ ఇస్త్రీ చేసి, సొంతదారుకి మొదటి ఉతుకు డబ్బులకే ఇవ్వాలి. ఈ ఆఖరి నియమం తలుచుకున్నప్పుడల్లా తనంత న్యాయంగా ఉండేవాడు ఈ పనిలో లేడని మడతాయనకి అనిపించేది. నవ్వుకోండి, కానీ నిజంగానే అనిపించేది.

ఇందులో ఒక్కటే చిక్కు, భార్య. ఆవిడ ప్రతి సోమవారం సాయంత్రం రిజిస్టరు పట్టుకుని హ్యాంగర్లు సరిచూసేది. డెలివరీ అయినట్టు టిక్కు లేని బట్ట ప్రతిదీ కళ్ళ ముందు కనబడాలి. లేకపోతే కొట్టంతా తిరగేసి కానీ వదలదు, ఎంతైనా ఆ తల్లి కూతురు. అందుకని మడతాయన అద్దెకిచ్చిన బట్టకి ముందే పెన్సిలుతో టిక్కు పెట్టి, పక్కన అంతకుముందు శనివారం తేదీ వేసేవాడు. శనివారం కొట్లో జనం కిటకిటలాడతారు, ఎవరొచ్చారో ఎవరు పట్టుకెళ్ళారో ఎవరికీ గుర్తుండదు. బట్ట తిరిగొచ్చాక రబ్బరు పెట్టి చెరిపేసేవాడు. తొమ్మిదేళ్ళు ఈ పద్ధతి ఒక్కసారి కూడా బెడిసికొట్టలేదు.

భూగోళం మాస్టారి కోటు అద్దెకివ్వడానికే పుట్టినట్టుండేది. బూడిదరంగు ఉన్ని కోటు, ఎముక గుండీలు, లోపల నున్నటి లైనింగు. మాస్టారు రిటైరయిన రోజు పాత విద్యార్థులంతా చందాలేసుకుని కుట్టించారు. పొడుగాటి మనిషి, ఆ కోటులో దొరలా ఉండేవారు. పెళ్ళి చేసుకోలేదు, అక్కగారితో కలిసి రెండు గదుల ఇంట్లో ఉంటారు. ఇంట్లో చెమ్మ ఎక్కువ, పురుగు పడుతుందని భయం. అందుకని కోటుని నెలల తరబడి లాండ్రీలోనే ఉంచేవారు.

"మీ దగ్గరుంటే నాకు బెంగ లేదండీ," అనేవారు. "నా ఇంట్లోకన్నా మీ కొట్లోనే భద్రం."

ఆ భద్రమైన కోటుని మడతాయన అప్పటికి పదిమందికి ఇచ్చాడు. పదకొండోవాడు ఒక సోమవారం మధ్యాహ్నం వచ్చాడు. నవ్వుమొహం మనిషి, పొడుగరి, కళ్ళజోడు. నీలం గళ్ళ చొక్కా వేసుకున్నాడు.

"రేపు ఇంటర్వ్యూ అన్నా. కోటు లేకపోతే గుమ్మం కూడా ఎక్కనివ్వరట. నా ఫ్రెండు మీ పేరు చెప్పాడు. ఎల్లుండి పొద్దున్నే మీ చేతిలో పెడతాను."

"ఎల్లుండి కాదు, రేపు సాయంత్రం," అన్నాడు మడతాయన, నియమం గుర్తు చేసుకుని. నీలం గళ్ళ చొక్కా విప్పించుకుని, బనీను మీదే కోటు తొడిగి పంపించి, రిజిస్టరులో మాస్టారి లైనులో శనివారం తేదీ వేసి టిక్కు పెట్టాడు. సాయంత్రం భార్య హ్యాంగర్లు సరిచూసింది, అన్నీ సరిపోయాయి.

మంగళవారం సాయంత్రం కోటు రాలేదు. దాని బదులు మందుల షాపు ఆవిడ కబురు మోసుకొచ్చింది. రెండు వీధుల అవతల ఒంటరిగా ఉండే రిటైరయిన నర్సమ్మ ఇంట్లో పట్టపగలు దొంగతనం. నీళ్ళ పైపులు చూడాలంటూ ఎవడో కోటు వేసుకుని పెద్ద ఆఫీసరులా వచ్చాడట. గాజులు లాక్కుంటుంటే ఆవిడ కోటు పట్టుకుని వదల్లేదట. వాడు ఒక్క తోపు తోసి, కోటులోంచి చేతులు లాక్కుని, మెట్లు దిగి దర్జాగా నడుచుకుంటూ పోయాడట. కిందపడి ఆవిడ తుంటి విరిగింది. కోటు మాత్రం ఆవిడ చేతుల్లోనే ఉండిపోయింది.

"ఏ రంగు కోటు?" అని అడగబోయి మడతాయన నోరు మూసుకున్నాడు. అడిగితే చెబుతుంది. చెబితే వినాలి. స్టూలు మీద కూలబడ్డాడు.

బుధవారం పదింటికి ఎస్సై కొట్లోకి వచ్చి, సంచిలోంచి కోటు తీసి ఇస్త్రీబల్ల మీద పెట్టాడు. ఒక గుండీ ఊడింది, చంక దగ్గర లైనింగు చిరిగింది. ఎస్సై కాలరు తిప్పి లోపలి అంచు చూపించాడు. చెరగని సిరాతో వేసిన లాండ్రీ గుర్తు, రెండు చుక్కలు, ఒక గీత, కింద నలభై రెండు అంకె.

"ఈ చుక్కలు నీవేనటగా. మూడు లాండ్రీలు తిరిగితే తేలింది. నలభై రెండు ఎవరు?"

అబద్ధమాడటానికి అక్కడ సందు లేదు. "భూగోళం మాస్టారండీ," అన్నాడు.

"మరి ఇది నీ కొట్లో ఉండాలా, ఆయన దగ్గరుండాలా?"

ఇక్కడ సందు ఉంది. ఆ సందులోకి మడతాయన దూరాడు. కోటు పోయిందని చెప్పినా సరిపోయేది, ఎవడో ఎత్తుకుపోయాడని ఏడ్చినా సరిపోయేది. కానీ రిజిస్టరు ఎదురుగా తెరిచి ఉంది, దాంట్లో టిక్కు ఉంది, పక్కన భార్య నిలబడి ఉంది. ఆ క్షణంలో అతనికి తోచింది ఒక్కటే, టిక్కు చెప్పిన మాటే తనూ చెప్పడం.

"శనివారం పట్టుకెళ్ళారండీ," అన్నాడు.

ఎస్సై రిజిస్టరు చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. మధ్యాహ్నం ఒక కానిస్టేబులు వచ్చి మడతాయనని కూడా స్టేషనుకి రమ్మన్నాడు.

స్టేషనులో మాస్టారు ఒక చెక్క బెంచీ మీద కూర్చుని ఉన్నారు. మడతాయనని చూడగానే మొహం వికసించింది. "హమ్మయ్య, వచ్చారా! మీరు చెప్పండి వీళ్ళకి. కోటు మీ దగ్గరే ఉందని ఇందాకట్నుంచీ మొత్తుకుంటున్నాను," అన్నారు.

ఎస్సై బల్ల మీద చెయ్యి చరిచి, "ఆయన ముందే చెప్పు. కోటు ఎప్పుడిచ్చావు?" అన్నాడు.

మడతాయన మాస్టారి మొహం వైపు కాకుండా చెప్పుల వైపు చూస్తూ, "శనివారం ఇచ్చానండి. మాస్టారే వచ్చి తీసుకున్నారు," అన్నాడు.

మాస్టారు అరుస్తారని, తిడతారని, అబద్ధమని ఎగిరిపడతారని అనుకున్నాడు. అలా చేసినా బాగుండేది. మాస్టారు కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. ఒకసారి నుదురు రుద్దుకున్నారు.

"శనివారమా... నేనా?" అన్నారు. "నాకు గుర్తు రావట్లేదండీ."

"రిజిస్టరులో ఉంది," అన్నాడు ఎస్సై.

"ఉంటే నిజమే అయ్యుంటుంది. ఆయన అబద్ధమెందుకు చెబుతాడు? పదిహేనేళ్ళుగా చూస్తున్నాను." మాస్టారి గొంతు సన్నబడింది. "నేనే మరిచిపోయుంటాను. మా అన్నయ్యకీ ఇలాగే మొదలైంది. మొదట చిన్న చిన్నవి మరిచిపోయేవాడు. చివరికి నన్నే ఎవరని అడిగాడు."

ఆ మాటతో మడతాయన తల నేలలోకి దిగిపోయింది. అతనికి తెలుసు, ఆ మనిషి నిన్నటి తారీఖునే కాదు, ముప్ఫై ఏళ్ళ కిందటి విద్యార్థి పేరు కూడా మరిచిపోయే రకం కాదు. ఆ జ్ఞాపకంలోకి తను చెయ్యి పెట్టి కెలికాడు. ఇప్పుడైనా చెప్పెయ్యాలి. చెబుదామని నోరు తెరిచాడు. "నే వెళ్ళొచ్చాండీ?" అన్నాడు. వెళ్ళమన్నాడు ఎస్సై.

మాస్టారు పొడుగరి, కళ్ళజోడు ఉంది. నర్సమ్మకి చూపు సరిగా ఆనదు, పొడుగు మనిషి, కళ్ళజోడు అని మాత్రం చెప్పగలిగింది. మంగళవారం మధ్యాహ్నం మాస్టారు ఒక్కరే నడకకి వెళ్ళారు, చూసినవాళ్ళు లేరు. కేసుకి ఇంకేం కావాలి? సాయంత్రానికల్లా రిమాండుకి పంపేశారు.

ఆ రోజు భోజనాల దగ్గర భార్య ఉండబట్టలేక అంది. "శనివారం కౌంటరు దగ్గర నేనే ఉన్నాను కదండీ. మాస్టారు వచ్చినట్టు లేదే?"

"నువ్వు వెనక్కి గంజి చూడ్డానికి వెళ్ళినప్పుడు వచ్చారు."

ఆవిడ గరిటె గిన్నెలో పెట్టింది. "వెళ్ళానేమో," అంది. అలా తన మాటతో ఒకేరోజు ఇద్దరి జ్ఞాపకాలు తారుమారు చేశాడు మడతాయన. కంచం ముందునుంచి లేచిపోయాడు.

మర్నాడు భార్య బయటికి వెళ్ళినప్పుడు నీలం గళ్ళ చొక్కా బయటికి తీశాడు. వాడెవడో తెలిసే గుర్తేమైనా దొరుకుతుందేమోనని కాలరు తిప్పాడు. నీలం దారంతో మూడు అడ్డకుట్లు, కింద రెండు చిన్న ముడులు. ఆ కుట్టు అతనికి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది, ఆరేళ్ళు తనే కుట్టాడు. అది అత్తగారి లాండ్రీ గుర్తు. ముడుల్ని బట్టి ఆ చొక్కా ఎవరిదో అత్తగారు ఇట్టే చెప్పేస్తుంది. అంటే అసలు దొంగ చిరునామా తన చేతిలోనే ఉంది. కానీ ఆ చొక్కా తన కొట్లోకి ఎలా వచ్చిందో చెప్పకుండా దాన్ని ఎవరికీ చూపించలేడు. చొక్కాని చక్కగా మడతపెట్టి, దుప్పట్ల దొంతర కింద దాచేశాడు.

తర్వాతి రోజులు ఎలా గడిచాయో అడక్కండి. ఇస్త్రీపెట్టె కింద రెండు చొక్కాలు మాడ్చాడు. ఇరవయ్యేళ్ళలో ఎన్నడూ లేనిది ఒకరి బట్టలు ఇంకొకరికి ఇచ్చాడు. చొక్కాని పొట్లం కట్టి, పేరు రాయకుండా స్టేషనుకి పంపేద్దామనుకున్నాడు. పంపితే ఏమవుతుంది? పాత చొక్కా ఎవరో పారేశారనుకుంటారు, అంతే. మంచి లాయరుని పెడతారులే, మాస్టారిని చూస్తే ఏ జడ్జీ అయినా దొంగ అంటాడా అని తనకి తానే సర్దిచెప్పుకున్నాడు. ఆ సర్దుబాటు పూటకన్నా నిలిచేది కాదు. ఒకరోజు నర్సమ్మ ఇంటి దాకా వెళ్ళి, గేటు ముట్టుకుని వెనక్కి తిరిగి వచ్చేశాడు.

తొమ్మిదో రోజు మాస్టారి అక్కగారు వచ్చింది. చేతిసంచిలో రెండు జతల బట్టలు.

"రేపు వాణ్ణి కోర్టుకి తీసుకొస్తారట నాయనా. ఈ తెల్లచొక్కా ఇస్త్రీ చేసిపెట్టు. నలిగిన బట్టలతో నలుగురిలో నిలబడటం వాడికి నచ్చదు. ఇది వాడు జైల్లో వేసుకున్నది, మార్పించి తెచ్చాను, ఉతికిపెట్టు." ఆవిడ కౌంటరు పట్టుకుని నిలబడింది. "దొంగతనం కేసు గురించి వాడు బాధపడట్లేదయ్యా. డాక్టరుకి చూపించమని అడుగుతున్నాడు. నాకు మతిపోతోందక్కా అంటున్నాడు. పొద్దున ఏం తిన్నాడో కాగితం మీద రాసుకుంటున్నాడట."

"సాయంత్రం తీసుకెళ్ళండి పిన్నిగారూ," అన్నాడు మడతాయన. అంతకుమించి ఏమన్నా గొంతు పట్టిచ్చేస్తుందని భయం.

ఆవిడ వెళ్ళాక, ఉతికే ముందు ఎప్పుడూ చేసే పనే చేశాడు. జేబులు వెతికాడు. చొక్కా పైజేబులో నాలుగు మడతలు పెట్టిన కాగితం దొరికింది. మాస్టారి గుండ్రటి చేతిరాత.

"సోమవారం: ట్యూషను. సాయంత్రం నడక.
శనివారం: అక్క మందులు. లైబ్రరీ. లాండ్రీ?
లాండ్రీకి వెళ్ళినట్టు ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు. ఆయన వెళ్ళానంటున్నారు. ఆయనకి అబద్ధం చెప్పాల్సిన అవసరం లేదు. కాబట్టి వెళ్ళాను. కోటు తెచ్చి ఎక్కడ పెట్టాను? మంగళవారం నడకకే వెళ్ళానా? లేక ఇంకేమైనా చేసి, అది కూడా మరిచిపోయానా?"

మడతాయన ఆ కాగితం చదివి, ఇస్త్రీబల్ల మీద తల ఆన్చి ఏడ్చాడు. సిగ్గుతో ఏడ్చాడు. మాస్టారి దగ్గర అతను లాక్కున్నది కోటు కాదు, ఆయన మీద ఆయనకుండే నమ్మకాన్ని లాక్కున్నాడు. ఆ ముసలాయన జైల్లో కూర్చుని తను చేయని పాపం చేసే ఉంటానేమోనని వెతుక్కుంటున్నాడు. వెతికి వెతికి ఒప్పేసుకుంటాడు కూడా. రేపే ఒప్పుకోవచ్చు.

దుప్పట్ల కింది నీలం గళ్ళ చొక్కా తీసుకుని అత్తగారి కొట్టుకి వెళ్ళాడు.

ఆవిడకి డెబ్బై దాటాయి. వీపు వంగింది కానీ చూపు వంగలేదు. కిటికీ పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని దిండు గలీబుకి గుర్తు కుడుతోంది. మడతాయన చొక్కా ముందు పెట్టాడు. ఆవిడ కాలరు తిప్పి చూసి, సూది పక్కన పెట్టింది.

"నా కుట్టే."

"ఎవరిదత్తయ్యా?"

"ముందు నువ్వు చెప్పు. నా దగ్గర బట్టలు వేసే మనిషి చొక్కా నీ కొట్లోకి ఎందుకొచ్చింది?"

మడతాయన నీళ్ళు నమిలాడు. ఈ పనిలో పండిపోయిన మనిషికి అంతకన్నా చెప్పక్కర్లేదు.

"అద్దెకిస్తున్నావా?"

మడతాయన తలూపాడు.

"ఎన్నేళ్ళుగా?"

"తొమ్మిదేళ్ళుగా అత్తయ్యా."

ఆవిడ అరవలేదు. అరిస్తే కొంచెం తేలికపడేవాడు. కోటు సంగతి, మాస్టారి సంగతి, కాగితం సంగతి అన్నీ తలదించుకుని చెప్పాడు. ఆవిడ విన్నంతసేపూ చొక్కా మీద చెయ్యి రాస్తూనే ఉంది, మడత నలిగిందేమోనన్నట్టు.

"బస్టాండు వెనక లాడ్జీ. పై అంతస్తు, చివరి గది," అంది ఆఖరికి. "నవ్వుతూ మాట్లాడతాడు. మొన్న కూడా బట్టలేశాడు, ఇంకా ఊళ్ళోనే ఉన్నాడు. ముందు నా కూతురికి చెప్పు, తర్వాత పోలీసుల దగ్గరికి పో."

మడతాయన లేచాడు. గుమ్మం దాటుతుంటే వెనకనుంచి పిలిచింది.

"అల్లుడూ. నేనిచ్చిన ఇస్త్రీపెట్టె పంపించెయ్యి."

భార్యకి కొట్లోనే చెప్పాడు. ఆవిడ చేతిలో ఉన్న హ్యాంగరు కింద పెట్టి విన్నది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి కానీ కిందికి జారనివ్వలేదు.

"గంజి చూడ్డానికి వెళ్ళానని నాతో కూడా అన్నారు కదూ," అంది. "నేను నమ్మాను." షట్టరు దించి, చెప్పులేసుకుని, అతనికన్నా నాలుగడుగులు ముందు నడుస్తూ స్టేషనుకి బయల్దేరింది. దారిలో ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు.

ఎస్సై అంతా విని కుర్చీలోంచి లేచాడు. "తొమ్మిది రోజులు! తొమ్మిది రోజులు ఆ పెద్దమనిషిని లోపల పెట్టించావు కదరా! వాడు గాజులే దొంగిలించాడు. నువ్వు?" అన్నాడు. "రిజిస్టరులో ఉన్నవన్నీ ఇలాంటివేనా?" అని అడిగితే, "శనివారాలు నమ్మకండి సార్," అన్నాడు మడతాయన. పక్కనున్న కానిస్టేబులు కిసుక్కున నవ్వాడు, ఎస్సై చూపుతో ఆపేశాడు.

చీకటి పడేలోపు లాడ్జీలో నవ్వుమొహం మనిషి దొరికాడు, పరుపు కింద గాజులూ దొరికాయి. మర్నాడు కోర్టులో మాస్టారిని వదిలేశారు. తప్పుడు సాక్ష్యం చెప్పినందుకు మడతాయన మీద వేరే కేసు పెట్టారు.

కోర్టు మెట్ల దగ్గర మాస్టారు ఎదురుపడ్డారు. తెల్లచొక్కా వేసుకున్నారు. ఇస్త్రీ చేసింది మడతాయన భార్య. తొమ్మిది రోజుల్లో మనిషి సగమయ్యారు, చెంపలు లోపలికి పోయాయి. పక్కన అక్కగారు కొంగుతో మొహం తుడుచుకుంటోంది. మడతాయన ఏ శాపనార్థాలకైనా, ఏ చెంపదెబ్బకైనా సిద్ధపడి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

మాస్టారు దగ్గరికొచ్చి, చాలా మెల్లగా అడిగారు. "శనివారం నేను మీ కొట్టుకి రాలేదా?"

"రాలేదు మాస్టారూ."

"కోటు తీసుకోలేదా?"

"తీసుకోలేదు. నేనే ఇంకొకడికి అద్దెకిచ్చాను. మీ మీద అబద్ధం చెప్పాను."

మాస్టారు అక్కగారి వైపు తిరిగారు. "విన్నావా అక్కా? నాకేం కాలేదు! నా మతి నా దగ్గరే ఉంది!" పగలబడి నవ్వారు, నవ్వుతూనే కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. తర్వాత మడతాయన రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకున్నారు. "మీ మేలు మరిచిపోలేనండీ. వచ్చి చెప్పారు, చాలు. ఇంకో నాలుగు రోజులైతే ఆ ముసలావిణ్ణి నేనే తోసేశానని రాసిచ్చేసేవాణ్ణి."

మేలు! ఆ మాట విని మడతాయన చచ్చిపోవాలనుకున్నాడు. అతనికి చేతులు వెనక్కి లాక్కునే ధైర్యం కూడా లేకపోయింది. చెంప పగలగొట్టినవాణ్ణి తిరిగి చూడగలం కానీ, మనం చేసిన గాయానికి మనకే దణ్ణం పెట్టేవాణ్ణి ఎలా చూడగలం? మెట్ల కింద నిలబడిన భార్య మొహం తిప్పుకుంది.

మడతాయన రెండు నెలలు జైల్లో ఉండి వచ్చాడు. ఈలోగా సగం మంది ఖాతాలు వేరే లాండ్రీలకి పోయాయి. మిగిలినవాళ్ళు బట్టలు వేసేముందు, "ఇవి మాకే తిరిగొస్తాయిగా?" అని ఎకసెక్కమాడతారు. అతను తలూపుతాడు. ఇప్పుడు రిజిస్టరు భార్య రాస్తుంది, పెన్సిలుతో కాదు, పెన్నుతో. ఇస్త్రీపెట్టె అత్తగారి దగ్గరికి వెళ్ళిపోయింది. నర్సమ్మ ఇప్పుడు చేతికర్ర పట్టుకుని నడుస్తుంది. ఆవిడ దుప్పట్లు మడతాయన భార్య వెళ్ళి తెస్తుంది, మడతాయన ఉతుకుతాడు, నర్సమ్మ వీధిలోంచి మాత్రం నడవడు.

మాస్టారు మాత్రం ఖాతా మార్చలేదు. ప్రతి శనివారం వస్తారు, నాలుగు చొక్కాలిచ్చి నాలుగు చొక్కాలు తీసుకుంటారు. రసీదు రెండుసార్లు చూసుకుంటారు. ఇదివరకు చూసుకునేవారు కాదు. జేబులో చిన్న పుస్తకం పెట్టుకుని, లాండ్రీకి వచ్చిన టైము అక్కడే నిలబడి రాసుకుంటారు. దొంగ దొరికాడు, తీర్పు వచ్చింది, ఊరంతటికీ నిజం తెలిసింది, అయినా ఆ తొమ్మిది రోజుల్లో లోపలికి దూరిన అనుమానం పూర్తిగా బయటికి పోలేదు. వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగుతారు. మొహం కొంచెం వాడిపోతుంది.

"ఏమీ అనుకోకండి. ఆ శనివారం నేను రాలేదు కదూ?"

"రాలేదు మాస్టారూ. నేనే అబద్ధం చెప్పాను."

మాస్టారు తలూపి, నవ్వి, మెట్లు దిగుతారు. వచ్చే శనివారం మళ్ళీ అడుగుతారు. కౌంటరు ముందు ఎంతమంది నిలబడినా, పక్కన భార్య ఉన్నా, మడతాయన చేతిలో పని ఆపి ఆ జవాబు గట్టిగానే చెబుతాడు. మెల్లగా చెబితే మాస్టారు మళ్ళీ అడుగుతారు.